కొత్త ప్లగ్గులు వేశాక మిస్ కొట్టిన కారు

మెకానిక్కు పని నేర్చుకునే కుర్రవాళ్ళు అప్పుడప్పుడు సలహా కోసం మా ఇంటికి వస్తుంటారు. వచ్చినవాళ్ళు ముందు నా చేతుల వంక చూస్తారు. గోళ్ళ చుట్టూ నలుపు ఇంకా పూర్తిగా పోలేదు. తరువాత గోడ మీద మా తాతగారి ఫొటో చూస్తారు. జరీ తలపాగా, వెండి పొన్ను కర్ర, కాళ్ళ దగ్గర వేటకుక్క. ఈ చేతులకూ ఆ ఫొటోకూ లంకె కుదరక కాసేపు ఇబ్బంది పడతారు. అడగలేరు, అడగకుండా ఉండలేరు. అందుకని కాఫీ వచ్చేలోపు నేనే చెప్పేస్తాను.

మాది తిరువూరు పక్కన పెద్ద కమతం. మా తాతగారికీ ఆయన తమ్ముడికీ ఒక మామిడితోట గట్టు దగ్గర తగాదా వచ్చింది. దావా కింది కోర్టు నుంచి పై కోర్టుకు ఎక్కుతూ పోయింది, ఎక్కిన ప్రతి మెట్టుకూ కొంత భూమి జారిపోయింది. గట్టు ఎవరిదో తేలేనాటికి తోట ఇద్దరిదీ కాదు. మా నాన్నగారి చివరి రోజులకు మిగిలినవి ఒక నల్ల అంబాసిడర్ కారు, దాని డ్రైవరు కోటయ్య, ఎవరి ముందూ వంగని వెన్నెముక. కారును రైసు మిల్లు సత్యనారాయణగారు కొన్నారు. కారుతోపాటు కోటయ్య కూడా ఆ ఇంటికే వెళ్ళాడు. మూడోది కొనేవాళ్ళు లేక నాకు వచ్చింది.

ఆ వెన్నెముకతోనే డెబ్భైల మొదట్లో మస్తాన్ మేస్త్రిగారి షెడ్డులో పనికి చేరాను. ఇంజన్ల మీదికి వంగాను గాని మనుషుల ముందు వంగలేదు. వృత్తి మొత్తంలో నేను సాధించింది అదేనని మా ఆవిడ అంటుంది. మెచ్చుకోలో దెప్పిపొడుపో నాకు ఇంకా తేలలేదు.

మేస్త్రిగారి షెడ్డు

విస్సన్నపేట రోడ్డులో రేకుల షెడ్డు. మొదటిరోజు ఇస్త్రీ చొక్కాతో వెళ్ళాను. మేస్త్రిగారు లారీ కింద నుంచి తల బయటపెట్టి చూశారు.

"ఏం దొరా, పెళ్ళికొచ్చావా, పనికొచ్చావా?"

"పనికేనండి. చొక్కా ఇస్త్రీ చేసుకోవడం తప్పని మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు."

"చెప్పరు. మీ ఇంట్లో చొక్కాలు ఉతికేది వేరేవాళ్ళుగా. ఇక్కడ నీ మసి నువ్వే ఉతుక్కోవాలి. ఆ జాకీ ఇట్లా అందుకో."

ఆరోజు నుంచి ఆయన నోట నా పేరు దొరే. మొదట ఎగతాళి, కొన్నాళ్ళకు అలవాటు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి సూత్రం ఇది: బాగా తిరుగుతున్న బండి ఏదో పనిచేసిన తరువాత చెడితే, చివరిసారి చెయ్యి ఎక్కడ పడిందో అక్కడే వెతకాలి. దీనికి మించిన సూత్రం నాకు ఇప్పటికీ దొరకలేదు. ఆయనలో లోపం కూడా చెప్పాలి. తెలియదు అనే మాట ఆ నోట ఎన్నడూ రాదు. గిరాకీ ముందు ఏదో ఒకటి చెప్పి తీరాలి. అది పెద్దరికమని నేను చాలాకాలం అనుకున్నాను.

దసరా పూజ అంటే మా అందరికంటే ఆయనకే పట్టింపు ఎక్కువ. నమాజుకు వెళ్ళి వచ్చి, పసుపు తనే కలిపేవారు. పూజారిగారు కొబ్బరికాయ కొట్టి వెళ్ళాక, స్పానర్లు, సుత్తులు, బెంచీ, అలమరలో సామాన్లు, అన్నింటికీ తన చేత్తోనే బొట్టు పెట్టేవారు.

"ఇన్నింటికి ఎందుకండీ?" అని ఒకసారి అడిగాను.

"మీ అమ్మవారు వచ్చి చూస్తే, మస్తాన్ షెడ్డులో ఒక సామాను మిగిలిపోయిందని మాట రాకూడదయ్యా," అన్నారు.

పండగ వెళ్ళాక కొన్నాళ్ళు మా షెడ్డులో పసుపూ ఎరుపూ అంటని వస్తువు కనబడేది కాదు. అన్నింటి మీదా ఉన్న రంగును కన్ను పట్టించుకోవడం మానేస్తుంది. ఈ మాట ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

జమ్మిచెట్టు దగ్గర చప్పుడు

ఒక ఏడు విజయదశమి సాయంత్రం ఊరంతా జమ్మిచెట్టు దగ్గర చేరింది. సత్యనారాయణగారి కారు వచ్చింది. ముందు రెండు అరటి పిలకలు, అద్దం మీద బంతిపూల దండ. ఒకప్పుడు మాదైన ఆ కారు వంక చూడకుండా ఉండటం నాకు అలవాటు. కాని ఆరోజు చెవి దానంతట అదే అటు తిరిగింది. ఇంజను మిస్ కొడుతోంది. నాలుగు కాళ్ళ జంతువు మూడు కాళ్ళతో నడుస్తున్నట్టు వస్తోంది.

కారు ఆగింది, ఇంజను మాత్రం ఆపలేదు. పూజారిగారు మంత్రం అందుకున్నారు. జనం చేతులు జోడించి నిశ్శబ్దంగా నిలబడ్డారు. సరిగ్గా అప్పుడు పొగగొట్టంలోంచి ఢామ్మని పేలింది.

సన్నాయి ఊదబోతున్న మనిషి ఆ గాలిని మింగేశాడు. ఒక జత ఎడ్లు పలుపు తెంపుకుని చేలో పడ్డాయి. పూజారిగారు మంత్రం మరిచిపోయి మళ్ళీ మొదటికి వచ్చారు. జనంలోంచి ఎవరో, "మిల్లుగారూ, దీపావళికి కాస్త మిగల్చండి," అన్నారు. నవ్వు ఆ చివరి నుంచి ఈ చివరికి పాకింది. నేను కూడా నవ్వాను. దాచడం ఎందుకు, కాస్త గట్టిగానే నవ్వాను.

ఆ నవ్వు వెంటనే పోయింది. సత్యనారాయణగారు కారు దిగి, కోటయ్య మీద పడ్డారు.

"పొద్దున కొత్త ప్లగ్గులు వేశానన్నావు. కొత్తవి ఎవడికి అమ్ముకున్నావురా?"

"అయ్యా, మీరిచ్చినవే నా చేత్తో బిగించానండి."

"అయితే ఎందుకు కొడుతోంది? రేపు మేస్త్రిని పిలిపిస్తా. తప్పు నీదని తేలిందా, సాయంత్రానికి తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపో."

కోటయ్య తల వంచుకున్నాడు. నేను నిక్కరు వేసుకునే రోజుల్లో నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్టీరింగు పట్టించినవాడు. ఇంజను శబ్దంలో బాగోగులు కనిపెట్టడం నేర్పినవాడు. జుట్టు నెరిసిన డ్రైవరును, అదీ ఊరందరి ముందూ దొంగ అనిపించుకున్నవాణ్ణి, తిరువూరులో ఎవరూ కారు దగ్గరికి రానివ్వరు. ఉద్యోగం ఒక్కటే కాదు, మనిషి పేరు కూడా పోతుంది.

చేయవలసినవన్నీ చేశాం

మర్నాడు మేస్త్రిగారూ నేనూ వెళ్ళాం. సత్యనారాయణగారు వరండాలో ఉన్నారు.

"సామాన్లతో వెనక గేటు నుంచి రావచ్చుగా," అన్నారు.

"కారు ముందు గేటు నుంచే వచ్చిందిగా అండీ. దాని వైద్యులం మేమూ అట్లాగే వస్తాం," అన్నాను.

"నోరు ముయ్యి దొరా," అని మేస్త్రిగారు గొణిగారు.

కారు షెడ్డు వాకిట్లో కోటయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "చినబాబుగారూ, మీరైనా నన్ను నమ్ముతారా?"

"నమ్మకం తరువాత, కోటయ్యా. ముందు స్టార్టు చెయ్యి."

కొత్తగా పనిలోకి వచ్చేవాళ్ళ కోసం వివరంగా చెబుతాను. ఆ ఇంజనుకు నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కదానికి పెట్రోలును అంటించే ఒక ప్లగ్గు. ప్లగ్గులు మార్చేటప్పుడు అందరూ చేసే పొరపాటు, ఒకదాని వైరు ఇంకొకదానికి తగిలించడం. చూశాం. వైర్లు వరుసలోనే ఉన్నాయి. తరువాత ఇంజను నడుస్తుండగా ఒక్కొక్క వైరు పీకి చూడాలి. పీకినప్పుడు శబ్దం మారితే ఆ సిలిండరు పనిచేస్తోంది. మారకపోతే అది నిద్రపోతోంది. ఇక్కడ వింత ఏమిటంటే నిద్ర ఒకచోట నిలవడం లేదు. ఒకసారి రెండోది, ఇంకోసారి మూడోది.

ప్లగ్గులు విప్పాం. మేస్త్రిగారు మొనలు వెలుతురుకు పట్టి చూశారు. "కొత్తవేనండి. మొనల మధ్య గ్యాపు కూడా సరిగ్గా ఉంది."

కోటయ్య ఊపిరి పీల్చుకున్నాడు. వరండా దిగి వచ్చిన సత్యనారాయణగారు పీల్చుకోనివ్వలేదు. "కొత్తవైతే నకిలీవై ఉంటాయి. దారిలో మార్చుంటాడు."

ప్లగ్గును వైరుకు తగిలించి, ఇంజను ఒంటికి ఆనించి చూశాం. మొన దగ్గర నీలం మంట చిటపటలాడుతూ పడింది. నకిలీ కాదు. అయినా అనుమానం తీరడానికి మా షెడ్డు నుంచి వేరే కంపెనీ ప్లగ్గులు రెండు తెప్పించి, ఎక్కువగా నిద్రపోతున్న రెండు చోట్లా బిగించాం. అప్పుడూ మిస్ కొట్టింది.

"ప్లగ్గుల్లో లేదండి," అని మేస్త్రిగారు తీర్పు చెప్పి, తన సూత్రం తనే గట్టు మీద పెట్టేశారు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు విప్పారు, పాయింట్లు రుద్దారు. పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటరు విప్పారు, జెట్లు ఊదారు. మిస్ అట్లాగే ఉంది. సత్యనారాయణగారు కుర్చీ తెప్పించుకుని మా ముందే కూర్చున్నారు.

"ఏంటి మేస్త్రీ, తేలిందా లేదా?"

ఆ క్షణంలో తెలియదు అంటే సరిపోయేది. మేస్త్రిగారు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "కోటయ్య ప్లగ్గులు వేసేటప్పుడు డిస్ట్రిబ్యూటరు ఏదో కదిపుంటాడండి," అన్నారు.

"చూశావా!" అని సత్యనారాయణగారు లేచి లోపలికి వెళ్ళిపోయారు.

మేస్త్రిగారు చెడ్డమనిషి కారు. కోటయ్యతో కలిసి టీ తాగే మనిషే. కాని తెలియదు అనలేనివాడు చివరకు పక్కవాడి పేరు చెబుతాడు. కుర్రవాళ్ళకు నేను ఇచ్చే సలహాలన్నింటిలో ఇది ముఖ్యం. తెలియకపోతే తెలియదనండి. మహా అయితే గిరాకీ పోతుంది.

తలుపులు మూశాక

మేస్త్రిగారు అన్నానికి వెళ్ళారు. నేను ఉండిపోయాను. పక్కనే ఉన్న మిల్లులో పని ఆపి హమాలీలు, బండివాళ్ళు కారు చుట్టూ మూగారు.

"దిష్టండీ, నిమ్మకాయలు తొక్కించండి."

"పెట్రోల్లో నీళ్ళు కలిశాయి."

"అదేం కాదు. పాత యజమానుల మీద బెంగ పెట్టుకుంది బండి."

ఈ చివరి మాట అన్నవాణ్ణి ఒకసారి తేరిపార చూశాను. నేను పనిచేస్తుంటే జనం నిలబడి వినోదం చూడటం నాకు ఎప్పుడూ గిట్టదు. అందరినీ బయటికి పంపి, షెడ్డు తలుపులు రెండూ లాగి మూసేశాను. పైన కిటికీ ఉంది గనక పొగకు భయం లేదు. లోపల చీకటి పడింది.

"కోటయ్యా, ఇంకొకసారి స్టార్టు చెయ్యి."

ఇంజను నడిచింది. చీకట్లో, ప్లగ్గులను కప్పే రబ్బరు టోపీల కింద ఏదో మినుకుమంది. ఒక టోపీ మెల్లగా పైకి లాగాను. ప్లగ్గు పైభాగపు తెల్లటి పింగాణీ మీద నీలం మంట సన్నటి జెర్రిలా పైనుంచి కిందికి పాకుతోంది. అది పాకే దారిలో పింగాణీ మీద పసుపు పూత, మధ్యలో గుండ్రంగా ఎర్రటి బొట్టు. ఆ పూత మీద మంట పాకిపాకి, ఒక నల్లటి గీత మాడిపోయి ఉంది.

"ఇదేంటి కోటయ్యా?"

"బొట్టండి. అమ్మగారు పూజలో పెట్టి, అన్నింటికీ బొట్లు పెట్టి ఇచ్చారండి."

"మరి తుడవలేదే?"

"పండగ పూట అమ్మగారు పెట్టిన బొట్టు నేనెట్లా తుడుస్తానండీ?"

నిజమే. అతనికే కాదు, నాకూ చెయ్యి రాదు. పొద్దున మేస్త్రిగారూ నేనూ ఆ ప్లగ్గులను పట్టుకుని మొనలు చూశాం, గ్యాపు చూశాం. పై భాగాన ఉన్న బొట్టు ఇద్దరి కంటికీ ఆనలేదు. దసరా వెళ్ళిన మర్నాడు బొట్టు లేని వస్తువుంటే కనబడేది గాని, ఉన్నది కనబడుతుందా!

బయట పరీక్ష పెట్టినప్పుడు మంట ఎందుకు సరిగ్గా పడిందో కూడా చెప్పాలి. బయట ప్లగ్గు మొన దగ్గర ఉండేది ఉత్త గాలి, మంట సులువుగా దూకుతుంది. ఇంజను లోపల పిస్టను ఆ గాలిని నొక్కి పడుతుంది. అప్పుడు దూకడం కష్టం. కష్టమైన దారి కంటే సులువైన దారి దొరికితే కరెంటు అటే పోతుంది, మనలాగే. అమ్మగారు ఆ సులువైన దారిని పసుపూ కుంకుమతో దిద్ది మరీ ఇచ్చారు.

ఎవరికీ అక్కర్లేని నిజం

అన్నం తిని వచ్చిన మేస్త్రిగారికి చూపించాను. ఆయన మొహం వెలిగింది, వెంటనే ఆరింది.

"మరి మన షెడ్డు ప్లగ్గులు కూడా మిస్ కొట్టాయిగా దొరా?"

ఆ రెండింటి టోపీలు కూడా పీకి చూపించాను. మేస్త్రిగారి చేతి బొట్లు అమ్మగారి బొట్లకంటే పెద్దవి. ఒక్క సామాను కూడా మిగలకూడదుగా మరి.

ఆయన ఇంజను మీదికి వంగి చాలాసేపు చూశారు. "ఈ మాట బయటికి పోనీకు దొరా. దసరాకి బొట్టు పెట్టి బండి చెడగొట్టిన మస్తాన్ అని ఊళ్ళో పేరు పడితే, మీవాళ్ళూ నవ్వుతారు, మావాళ్ళూ నవ్వుతారు. ఎటూ తలెత్తుకోలేను."

సత్యనారాయణగారిని పిలిచి చెప్పాను. ఆయన మొదట ఇంటి తలుపు వంక చూసి, తరువాత గొంతు తగ్గించారు.

"అయితే తుడిచెయ్యండి. అయిపోయిందిగా."

"కోటయ్య సంగతండీ?"

"డిస్ట్రిబ్యూటరు కదిపాడని మేస్త్రి అన్నాడుగా. అదే ఉండనీ."

"అది నిజం కాదుగా అండీ."

"నిజం నన్ను లోపలికెళ్ళి చెప్పమంటావా? నువ్వు పెట్టిన బొట్టు వల్ల ఊళ్ళో నా పరువు పోయిందని మా ఆవిడతో అనమంటావా? కోటయ్య పోతే ఇంకో డ్రైవరు వస్తాడు. ఆవిడకు కోపమొస్తే ఆర్నెల్లు నాతో మాట్లాడదు. నీకు పెళ్ళి కాలేదు, నీకు తెలియదు."

మేస్త్రిగారు తల ఊపారు. కోటయ్య జేబులోంచి తాళాల గుత్తి అప్పటికే తీసి చేత్తో పట్టుకున్నాడు. ఒక పెద్దమనిషికి పెళ్ళాం భయం, ఇంకొక పెద్దమనిషికి నవ్వుల భయం. ఆ రెండూ మోయవలసింది మాత్రం అతను. నాకు వెన్ను నిటారుగా అయింది.

"సరేనండి, తుడుస్తాను," అన్నాను. "కాని బొట్టు పెట్టిన ఇల్లాలి అనుమతి లేకుండా బొట్టు తుడిచే ఆచారం మా వంశంలో లేదు. అమ్మగారిని ఒక్క మాట అడగాలి."

అలాంటి ఆచారం మా వంశంలో ఉందో లేదో నాకు తెలియదు. ప్లగ్గులకు బొట్లు పెట్టినవాళ్ళు మా వంశంలో లేరు. కాని మా తాతగారి మొహం పెట్టుకుని చెప్పాను. కాదనడానికి సత్యనారాయణగారు మాట వెతుక్కునేలోపే నేను వంటింటి వైపు కేకేశాను.

అన్నపూర్ణమ్మగారు చూసింది

సత్యనారాయణగారి భార్య అన్నపూర్ణమ్మగారు చేతిలో అట్లకాడతోనే వచ్చారు.

"ఏంటి బాబూ, నన్నెందుకు పిలిచావు?"

"మీ పూజ ఎంత గట్టిదో మీరొకసారి చూడాలమ్మా."

తలుపులు మూయించాను. కోటయ్య స్టార్టు చేశాడు. నేను టోపీ పైకి లాగాను. ఆవిడ వంగి చూశారు.

"అబ్బో! మెరుపు నా బొట్టు మీద నుంచే పోతోందే!"

"అవునమ్మా. లోపలికి పోవలసిన మెరుపు."

"లోపలికి పోకపోతే ఏమవుద్ది?"

"నిన్న జమ్మిచెట్టు దగ్గర అయినట్టు అవుతుందమ్మా."

 ఆవిడ తల ఎత్తి, "ఆపు కోటయ్యా. తలుపులు తియ్యండి," అన్నారు.

వెలుతురు పడింది. ఆవిడ చూపు కోటయ్య చేతిలోని తాళాల మీద పడింది, అక్కడి నుంచి భర్త మీదికి వెళ్ళింది.

"కోటయ్య ఇవాళ టిఫిను ముట్టలేదు. ఎందుకని అడిగితే కడుపులో బాగాలేదంట అన్నారు మీరు."

"అది... మేస్త్రి డిస్ట్రిబ్యూటరు అన్నాడనీ..."

మేస్త్రిగారు పైకప్పు పెంకులు పరిశీలిస్తున్నారు.

"ప్లగ్గులు చెడగొట్టింది నేను," అన్నారు అన్నపూర్ణమ్మగారు. "చెడగొట్టినవాళ్ళను పంపించెయ్యడమేగా మీ పద్ధతి? విస్సన్నపేట బస్సు ఎన్నింటికో కనుక్కోండి. మా పుట్టింటికి పోతాను."

"ఊరుకోవే, నలుగురూ వింటున్నారు."

"నిన్న జమ్మిచెట్టు దగ్గర నలుగురు లేరా?"

 ఆవిడ అట్లకాడ భర్త చేతికిచ్చి, నేను విప్పి ఇచ్చిన ప్లగ్గులను ఒక్కొక్కటే చీర చెంగుతో తుడిచారు. మాడిన గీతలు పోయేదాకా పెట్రోలు గుడ్డతో నేను మళ్ళీ తుడిచాను.

"మరి దీనికి బొట్టు ఎక్కడ పెట్టాలి బాబూ?" అని అడిగారు.

"బానెట్టు మీద ఎంత పెద్దదైనా పెట్టండమ్మా."

మేస్త్రిగారు అప్పుడు పెంకుల మీద నుంచి చూపు దించారు. "మా షెడ్డులోనూ ఇదే తప్పు జరిగిందమ్మా. నేనే పెట్టాను. కోటయ్య ఏమీ కదపలేదు," అన్నారు. ఆయన తప్పు ఒప్పుకోవడం నేను విన్నది అదే మొదటిసారి. విని నవ్వినవాళ్ళు ఎవరూ లేరు.

బిగించాం. కోటయ్య తాళం తిప్పాడు. ఇంజను వెన్నలా నడిచింది. సత్యనారాయణగారు తేలిగ్గా నిట్టూర్చి లోపలికి వెళ్ళబోయారు.

"ఎక్కడికి?" అన్నారు ఆవిడ. "కారెక్కండి. మెయిన్ రోడ్డు మీదుగా జమ్మిచెట్టు దాకా పోయి రండి. నిన్న అందరూ విన్నారు, ఇవాళ అందరూ చూడాలి. కోటయ్య పక్కన, ముందు సీట్లో కూర్చోండి."

"నేనా? ముందా?"

"వెనక మెకానిక్కు బాబు కూర్చుంటాడు. శబ్దం వినొద్దూ?"

శబ్దం ముందు నుంచి కూడా బాగానే వినబడుతుంది. వృత్తిధర్మం ప్రకారం ఆ సంగతి చెప్పవలసింది. నేను చెప్పలేదు. చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, మా నాన్నగారు కూర్చునే ఎడమవైపు కిటికీ పక్కన నిటారుగా కూర్చున్నాను.

కారు ముందు గేటు దాటింది. మిల్లు హమాలీలు పని ఆపి చూశారు. బజారులో అంగళ్ళవాళ్ళు మెట్ల మీదికి వచ్చి చూశారు. సత్యనారాయణగారు ఒళ్ళో ఉన్న అట్లకాడను అప్పుడు గమనించి, పంచె కింద దాచుకున్నారు. కాసేపయ్యాక, ముందు అద్దంలోంచి రోడ్డు వంక చూస్తూ, "నిన్న తొందరపడ్డానురా కోటయ్యా," అన్నారు.

"పోనీలెండయ్యా," అన్నాడు కోటయ్య.

జమ్మిచెట్టు దగ్గర రోడ్డు ఖాళీగా ఉంది. మనిషి లేడు, బండి లేదు, గొడ్డు లేదు. కోటయ్య, నిన్న తను తల వంచుకున్న చోటే, హారను మీద అరచెయ్యి పెట్టి, ఊరి దాకా వినబడేట్టు నొక్కిపట్టాడు.